వెల్స్టోకు తోలిన వాన

వెల్స్టో, ఇంగ్లండు
22 మే 1967

గంగమణి అక్కకు,

సముద్రాల అవతలి నుంచి నీ తమ్ముడు సిద్దిరాములు దండం పెట్టి రాస్తున్నాడు. నేను బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారనుకుంటాను. పక్కింటి హుసేన్ బీ అవ్వకు నా సలాము చెప్పు.

మా చక్కెర ఫ్యాక్టరీకి రాబోయే కొత్త యంత్రాన్ని విప్పి బిగించడం నేర్చుకు రమ్మని నన్నిక్కడికి పంపి నెల కావస్తోంది. ఈ ఊరు మన బోధన్‌లో సగం కూడా ఉండదు. చెరుకు లేదు. ఇక్కడివాళ్లు దుంపల నుంచి చక్కెర తీస్తారు. మిసెస్ బార్లో అని భర్త పోయిన పెద్దావిడ, వాళ్లింట్లో మేడమీది గది నాకిచ్చింది.

ఇప్పుడిక్కడ ఎండాకాలం. మూడు వారాలుగా చినుకు లేదు. తోటలకు గొట్టంతో నీళ్లు పట్టొద్దని మున్సిపాలిటీవాళ్లు కాగితాలు అంటించారు. సాయంత్రమైతే జనం చొక్కాలు విప్పి గడ్డి మీద పడుకుంటారు, మన దగ్గర మిరపకాయలు ఆరబోసినట్టు. శనివారం మగవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని పెద్ద మైదానంలో పొద్దుగూకేదాకా నిలబడతారు. ఆడవాళ్లు దోసకాయ ముక్కలు పెట్టిన రొట్టెలు పంచుతారు.

మనుషులు మర్యాదస్తులే కానీ నాతో మాట్లాడేది ఒకటే మాట. "ఎండ బాగుంది కదా" అంటారు. "బాగుంది" అంటాను. అక్కడితో అయిపోతుంది. నిన్న పొద్దంతా నా నోటినుంచి వచ్చింది ఆ ఒక్క మాటే.

నీ తమ్ముడు
సిద్దిరాములు

తా.క.: మిసెస్ బార్లోకు ఒక పిల్లి ఉంది. ఇంగ్లీషులో పిలిచినా రాదు, తెలుగులో పిలిచినా రాదు. కాబట్టి తప్పు నా ఇంగ్లీషుది కాదని తేలింది.

*

బోధన్
5 జూన్ 1967

తమ్ముడు సిద్దిరాములుకు అక్క దీవెన పెట్టి రాసేది. నాకు బడిరాత రాదు, మాట్లాడినట్టే రాస్త.

నీ ఉత్తరం చదివి నేను, హుసేన్ బీ అవ్వ కండ్లనీళ్లు పెట్టుకున్నం. గంత కరువు ఊరని తెలిస్తే నిన్ను తోలకపోదుము. బట్టలుతుక నీళ్లు లేక మనుషులు అంగీలిడిసి తిరుగుడేంది? బియ్యం లేక దోసకాయలు తినుడేంది? నువ్వు దాపెట్టి రాసినవ్ గని నాకు సమజైంది. తెల్లబట్టలు కట్టుకొని మగోళ్లంత మైదానంల నిలబడ్డరంటే అది వాన కోసం మొక్కుడే. హుసేన్ బీ అవ్వ సుత అన్నది, "కరువొస్తే మావోళ్లు ఈద్గల గట్లనే నిలబడ్తరు బిడ్డా. ఎవ్వలకైనా గదే బాధ."

మా తమ్ముడున్న ఊరు ఎండుతుంటే మేమెట్ల ఊకుంటం? నిన్న ఆదివారం మన గల్లీ ఆడోళ్లందరం మీ ఊరి పేరు మీద కప్పతల్లి ఆడినం. ఈ ఎండలకు కప్ప యాడ దొరుకుతది? మీ బావ కాల్వ గుంతలల్ల పొద్దంత దేవులాడి ఒక్కదాన్ని పట్టుకొచ్చిండు. తడిబట్టల మూటగట్టి, రోకలికి యాలాడదీసి, యాపమండలు చుట్టి ఇల్లిల్లు తిరిగినం. అందరు చెంబెడు నీళ్లు పోసిండ్రు. హుసేన్ బీ అవ్వ బిందెడు పోసింది.

పోస్టుమ్యాన్ లింగం ఎదురొచ్చి "ఏ ఊరికి అడుగుతున్నరు వాన?" అన్నడు. వెల్స్టోకు అన్న. "అది మహారాష్ట్రలదా?" అన్నడు. నీ ఉత్తరం తెచ్చిచ్చింది ఆయననే.

ఉన్న నీళ్లు పైలంగ వాడుకో.

మీ అక్క
గంగమణి

తా.క.: కప్ప జర ముసలిది. వాన ఆలస్యమైతే మమ్ముల అనొద్దు.

*

వెల్స్టో
14 జూన్ 1967

అక్కా,

తడిసిన కోటు కుర్చీకి ఆరేసి, నీకు నమస్కరించి రాస్తున్నాను.

ఇక్కడ వాన పడుతోంది. నువ్వు కప్పతల్లి ఆడానని రాసిన ఆదివారమే, మధ్యాహ్నం భోజనాల వేళ మొదలైంది. ఇంతవరకు ఆగలేదు.

ఈ ఊళ్లో కరువు లేదక్కా. చొక్కాలు విప్పేది ఎండ కాచుకోవడానికి. తెల్లబట్టలు కట్టేది క్రికెట్ ఆటకు. దోసకాయ రొట్టె వాళ్లు ఇష్టపడి తింటారు, దేవుడి మీద ఒట్టు.

అసలు సంగతి చెబుతాను. ఇరవై నాలుగో తేదీ శనివారం ఈ ఊరి జాతర. ఏడాది పొడుగునా దాని కోసమే చూస్తారు. పిల్లలెక్కే రంగులరాట్నం ఒకటి తుప్పుపట్టి పడి ఉంటే, కాస్త చూడగలవా అని మిసెస్ బార్లో అడిగింది. ఫ్యాక్టరీ బయట నన్నొకరు ఒక పని అడగడం అదే మొదలు. రోజూ సాయంత్రం దాని దగ్గరే ఉంటున్నాను. మాంసం దుకాణం ఆయన నూనె డబ్బా తెచ్చిచ్చి కాసేపు నిలబడ్డాడు. ఎండ గురించి కాకుండా రెండు మాటలు మాట్లాడాడు.

సరిగ్గా అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. నవ్వొచ్చి మిసెస్ బార్లోకు చెప్పాను. ఆమె నవ్వలేదు. కిటికీలోంచి వానను చూసి, నా వైపు చూసింది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. ఈ పొద్దున చర్చి పాదిరి గొడుగేసుకుని వచ్చాడు. "మీ అక్కగారి దయకు మా కృతజ్ఞతలు. వీలుంటే ఇరవై నాలుగున మాత్రం ఆ కప్పకు సెలవు ఇప్పించగలరా?" అన్నాడు. ఇక్కడివాళ్లకు కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. మాంసం దుకాణం ఆయన ఇందాక నన్ను "సార్" అని పిలిచాడు. నాకు భయంగా ఉంది.

దీనికి విరుగుడేమైనా ఉంటే వెంటనే చేయండి.

నీ తమ్ముడు
సిద్దిరాములు

తా.క.: కప్పను వదిలేశారా, ఇంకా కట్టేసే ఉందా అని పాదిరి అడగమన్నాడు.

*

బోధన్
22 జూన్ 1967

తమ్మునికి,

చల్లగుండుమని దీవించి రాస్తున్న. నువ్వు చల్లగనే ఉన్నవని నీ ఉత్తరంల చదివిన.

మీకాడ వాన పడ్డందుకు సంతోషం. పడ్డ వాన మీకక్కరలేదన్న ముచ్చట మాత్రం గల్లీల ఎవ్వలకు చెప్పలె. ఇక్కడ ఆకాశంల మబ్బుతునక లేదు. మిర్గం కార్తె నిన్నటితోని ఒడిసింది. కాల్వ నీళ్లందని మన చెలక దున్ని పెట్టినం, పెసర్లు సంచిలనే ఉన్నయి. ఇంకో వారం సూసి, పడకపోతే ఇత్తనాలు వండుకొని తినుడే. మీ బావ పొద్దున లేసి మొగులు దిక్కు సూస్తడు, మళ్ల పండుకుంటడు. నాతోని మాట్లాడుతలేడు. మాట్లాడితే ఏమంటడో నాకెరుకే.

నిన్న బాయికాడ ఆడోళ్లు అనవట్టిండ్రు, "మనకు రావల్సిన వాననంత తీస్కపోయి తమ్మునికి తోలింది" అని. నవ్వుకుంటనే అన్నరు గని నాకు తగిలింది. నీళ్లు నింపుకోకుంటనే ఒట్టి బిందెతోని ఇంటికొచ్చిన.

విరుగుడు మాకు తెల్వదు. వానొద్దని మొక్కినోళ్లను మా అవ్వల కాలంల సుత సూడలె. హుసేన్ బీ అవ్వ ఒక ఉపాయం చెప్పింది. "వాళ్లకు ఎక్కువైందంటున్నరు కద. జర ఇటు తోలుమని అడుగు బిడ్డా. అడిగితే తప్పేంది?"

గందుకే అడుగుతున్న. మీ ఊరి పేరు మీద మేం ఆడినం. మా పేరు మీద మీ ఊరోళ్లు ఆడుతరా?

మీ అక్క
గంగమణి

తా.క.: మేమే ఇంకోపారి ఆడుదమంటే కప్ప లేదు. మీ బావ రెండు దినాలు దేవులాడిండు. ఉన్న ఒక్కటి మీకే ఖర్చయింది.

*

వెల్స్టో
4 జూలై 1967

అక్కకు, బావకు నమస్కారాలు.

జాతర రోజు కూడా వాన పడింది. రంగులరాట్నం తార్పాలిన్ కప్పుకుని మైదానంలో ఒంటరిగా నిలబడింది. ఊరు ఊరంతా చర్చి పక్కనున్న చిన్న హాలులోకి వచ్చి ఇరుక్కుంది. నేను ముఖం చెల్లక తలుపు దగ్గరే నిలబడ్డాను. కానీ ఎంతసేపని నిలబడతాం? బయటికి పోయే దారి లేదు. "ఎండ బాగుంది కదా" అనే వీలు లేదు కాబట్టి అందరూ వేరే మాటలు వెతుక్కోవలసి వచ్చింది. మాంసం దుకాణం ఆయన, ఊరొదిలి పోయిన తన కొడుకు సంగతి చెప్పాడు. నేను నీ సంగతి చెప్పాను. పిల్లలు రాట్నం కోసం ఏడిస్తే వాళ్లను భుజాల మీద ఎక్కించుకుని నేనే హాలంతా గుండ్రంగా తిరిగాను. ఇప్పటికీ నడుము నొప్పిగా ఉంది.

శుక్రవారం నీ ఉత్తరం వచ్చింది. ఏం రాశారని మిసెస్ బార్లో అడిగితే ఇంగ్లీషులో చెబుతూ పోయాను. విత్తనాలు వండుకుని తినాల్సి వస్తుందన్న దగ్గర ఆపి, ఆ మాట మళ్లీ చెప్పమంది. చెప్పాను. లేచి టోపీ పెట్టుకుని వానలోనే బయటికి వెళ్లింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వెనకాల జనం చేరారు. రోకలి లేదని క్రికెట్ బ్యాటు తెచ్చారు. కప్పను గిన్నెలు తుడిచే గుడ్డలో కట్టారు. వేపమండలు ఇక్కడ దొరకవు, మిసెస్ బార్లో తన తోటలో పూలకొమ్మలు తెంపి చుట్టింది. పైన వాన పడుతూనే ఉంది, కింద వీళ్లు వరుసలో నిలబడి టీ కెటిళ్లతో నీళ్లు పోశారు. పోసిన ప్రతివాళ్లూ "బోడెన్, బోడెన్" అన్నారు, దేవుడు ఊరి పేరు తప్పు వినకూడదని. పాదిరి మాత్రం ఇలాంటివి తాను చూడకూడదని చర్చిలోనే ఉండిపోయాడు. కాసేపటికి కిటికీ తెరుచుకుంది. అందులోంచి ఒక చెయ్యి మగ్గు నీళ్లు అందించింది.

నేను కప్పతల్లి పాట ఎత్తుకున్నాను గానీ మధ్యలో మాటలు మరిచిపోయాను. మిగతాది వాళ్లకొచ్చిన పాటేదో పాడి పూర్తి చేశారు.

వాన పడిందా అక్కా? పొద్దున లేస్తే ఊరంతా నన్నదే అడుగుతోంది.

నీ తమ్ముడు
సిద్దిరాములు

తా.క.: కప్ప మంచి వయసులో ఉన్నదే. మాంసం దుకాణం ఆయన మూడింటిని పట్టి, అందులో ఒకదాన్ని ఎంచాడు.

*

బోధన్
14 జూలై 1967

తమ్ముడు సిద్దిరాములుకు, అక్క వెయ్యేండ్ల ఆయువిచ్చి రాసేది.

వాన పడ్డది. ఎప్పుడు పడ్డదో చెప్త, కోపం జేయకు.

ఆ నాడు మీ ఊరోళ్లను ఆడుమని నీకు ఉత్తరం రాసి పోస్టు డబ్బల ఏసి ఎనుకకు మల్లిన. బస్టాండు దాటలె, నెత్తిమీద చినుకు పడ్డది. నాలుగడుగులేసేసరికి కొంగు పిండుకునేటంత పడ్డది. ఉరికి మళ్ల డబ్బకాడికే పోయిన. లింగం డబ్బ తెరిచి ఉత్తరాలు సంచిల ఏస్కుంటుండు. "నా ఉత్తరం నాకియ్యి, వాన పడ్డది" అన్న. "డబ్బల పడ్డంక అది సర్కారుది గంగమణక్కా, నీది కాదు" అని సైకిలెక్కిండు.

తెల్లారి ఇంకోటి రాద్దామనుకున్న. గని పదునైనంక ఉత్తరం రాస్కుంట కూసుంటే పెసర్లు ఎవ్వలు ఇత్తాలె? మీ బావ చీకటితోనే నాగలి కట్టిండు, నాతోని మాట్లాడిండు సుత. ఇప్పుడు చెలకంత పచ్చగున్నది. వచ్చి సూడు.

మొన్న నీ ఉత్తరమొస్తే గల్లీ ఆడోళ్లను కూసోబెట్టి చదివిన. పాదిరి కిటికీలకెళ్లి నీళ్లందిచ్చిన కాడికొచ్చేసరికి అందరు తలకాయలు కిందికేసిండ్రు. వాన ఎప్పుడు పడ్డదో అందరికెరుకే. హుసేన్ బీ అవ్వ అన్నది, "ముందు పడ్డదా ఎనుక పడ్డదా, అది అల్లామియా లెక్క. మనం మొకం సుత సూడనోళ్లు మనకోసం నీళ్లు పోసిండ్రు. గది మన లెక్క."

ఇంక నేనేం రాయ. మిసెస్ బార్లోకు నా శనార్థి చెప్పు.

మీ అక్క
గంగమణి

తా.క.: ఉత్తరం అంటించేటప్పటికి లింగం ఇంకో కవరు తెచ్చిండు. మీ ఊరి నుంచే, నా పేరు మీద, ఇంగ్లీషుల. మన బడి సాయన్న పంతులు చదివిండు. "అమ్మా, మీకు వాన పడినదా? మేమందరం ఎదురుచూస్తున్నాము" అని ఉన్నదట. కింద కాగితం నిండ దస్తకతులే. గల్లీ అంత కూడి పంతులుతోని జవాబు రాయించినం, పడ్డది, మంచిగ పడ్డది, మీరంత సల్లగుండాలె అని. ఎప్పుడు పడ్డదని వాళ్లు అడగలె. నువ్వు చెప్పకు.