ఉప్పునీటి తొట్టి మూత విషయమై నా ఆజ్ఞలు

గడ్చిరోలి జిల్లా, సిరోంచ నివాసి, ఇన్వర్టర్లు బ్యాటరీల వ్యాపారి, మర్హూం (దివంగత) లాల్ మియా కుమారుడు ఖాజా మియా అను నేను, యాభై మూడేండ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివితో ఉండి రాయిస్తున్న వీలునామా ఇది. నా తెలివి మీద ఇంట్లో భిన్నాభిప్రాయాలున్నాయి. నదుల మధ్య ఊరిలో ఉండి, చేపల కోసం ఉప్పు కొని సముద్రపు నీరు కలుపుకునే మనిషి అన్నదే వారి ఏకైక సాక్ష్యం. దానిని ఇందుమూలంగా కొట్టివేస్తున్నాను. సోమవారం నాగపూర్‌లో నా గుండెకు ఆపరేషన్. కావున:

1. ఇల్లు, దుకాణం షరియత్ వాటాల ప్రకారం వారసులకు చెందును. వాటిపై నాకు దిగులు లేదు. గోడలు ఊపిరి పీల్చవు.

2. ముందు గదిలోని గాజు తొట్టి, అందులో మిగిలిన ఒక్క చేప, ఈ పత్రంలో అసలు విషయం. నారింజ రంగు మీద తెల్ల పట్టీల చేప. రెండు ఉండేవి. రెండోది ఎండ దెబ్బకు పోయిందని ఇంట్లో చెప్పుకుంటున్నారు. ఆ అబద్ధాన్ని ఇక్కడ సరిదిద్దుతున్నాను.

గత మే నెలలో నేను పరీక్షల కోసం నాగపూర్ వెళ్లగా, ఉప్పు ఆవిరికి ఇన్వర్టర్ తుప్పు పడుతున్నదని నా బామ్మర్ది అద్నాన్ తొట్టి కొలతకు గాజు పలక కోయించి, నాలుగంచులా టేపు వేసి బిగించాడు. గాలి పంపు ప్లగ్గు పీకి, అక్కడ తన కూలర్ పెట్టుకున్నాడు. మాపటికి నా చెల్లెలు షబ్నమ్ ఆ పలక మీద భోజనాలకు పరిచే గుడ్డ, దస్తర్‌ఖాన్ కప్పింది. రాత్రి పూట ఏ పాత్రా మూత లేకుండా ఉండరాదన్నది మా ఇంటి ఆచారం. తర్వాత కరెంటు పోయింది. ఇన్వర్టర్‌ను కూలర్ పూర్తిగా తాగేసింది. ఇది ఇన్వర్టర్ల వ్యాపారి ఇల్లు అని మరొకసారి మనవి చేస్తున్నాను. తెల్లారేసరికి ఒక చేప ప్రాణంతో లేదు. ఇంకొకటి నీటి పైకి వచ్చి నోరు తెరుస్తున్నది.

నీటి పైభాగమే చేపకు కిటికీ. మంచి గాలి దిగేదీ, చెడు గాలి పోయేదీ అక్కడే. ఆ నీరు కదలాలి, దాని మీది గాలి మారాలి. బిగించిన మూత కింద చెడు గాలి నీటి మీదనే కూర్చుంటుంది, నీరు పుల్లబారుతుంది. పైగా ఉప్పునీరు మంచినీటి కన్నా తక్కువ గాలిని పట్టుకుంటుంది.

3. సదరు గాజు పలకను, మిగిలిన టేపుతో సహా, అద్నాన్‌కు ఇస్తున్నాను. “చేపలకు గాలెందుకు దూల్హేభాయ్, అవి ఉండేదే నీళ్లల్ల గదా” అని బావనైన నాకే నచ్చజెప్పిన మనిషి. అతడు దానిని తన పడకగది కిటికీకి బిగించి, కూలర్ లేకుండా ఒక మధ్యాహ్నం పడుకోవలెను. లేచి వచ్చి అభిప్రాయం మారిందని చెప్పిన పక్షంలో దుకాణంలోని కొత్త బ్యాటరీ ఒకటి అతనిది. లేవని పక్షంలో ఎండ దెబ్బగా నమోదు చేయవలెను.

4. ఇంట్లోని గిన్నెలన్నీ, మూతలతో సహా, షబ్నమ్‌కు. నేను దుకాణం నుంచి పొద్దుపోయి వచ్చిన రోజుల్లో నా పళ్లెం మీద మూత పెట్టి ఉంచిన చేయి కూడా అదే గనుక శిక్ష వేయడం లేదు. అయితే ఆ నియమం మనం తాగే పాత్రకు. లోపల ఒకరు కాపురముండే పాత్రకు కాదు. అనుమానముంటే మౌల్వీ సాబును అడగవచ్చు.

5. తొట్టి, చేప, గాలి పంపు నా భార్య ఖమరున్నీసాకు. ఆమె వారసురాలు గనుక మిగతా వారసుల సమ్మతి అవసరం. తొట్టి మాకొద్దనేవారే అందరూ గనుక నా పిల్లలు షాదాబ్, అస్రాల సంతకాలకు కొరత ఉండదు.

ఖమరున్నీసా ఈ తొట్టిని ఏనాడూ మెచ్చుకోలేదు. “నా వంటల కన్నా గా చేపలకే ఉప్పు ఎక్కువైతుంది” అన్న మాట వీధిలో అందరూ విన్నారు. కానీ ఆ పొద్దున టేపు చింపి, పలక పక్కకు నెట్టి, చాయ్ ఆడించినట్టు లోటాతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కరెంటు వచ్చేదాకా నిలబడింది ఆమె ఒక్కతే. ఎవరు చెప్పారని అడిగితే, “నోరు తెరుస్తుంటే దమ్ము ఆడ్తలేదని తెల్వదా” అన్నది.

మూత అసలే వద్దని నేను అనను. ఈ జాతి చేప దూకుతుంది. తర్వాత ఆమె తన నిఖా నాటి వల మేలిముసుగు, అదే జాలీ ఓఢ్నీ, కత్తిరించి, చెక్క చట్రానికి బిగించి మూత చేసింది. నన్ను అడగలేదు. నేను మెచ్చుకోలేదు. ఇది ఆ మెప్పు, చట్టబద్ధంగా. జాలీకి ఉప్పు పేరుకుంటే మంచినీటితో కడగవలెను. లేకుంటే జాలీ కూడా గాజే అవుతుంది.

6. ఈ వీలునామా అమలుకు ఎదురింటి వరి రైతు, నా మిత్రుడు సాంబన్నను నియమిస్తున్నాను. జాలీ మీద పెట్టిన రిమోట్లు, బట్టలు, పెండ్లి పత్రికలు వగైరా కనబడిన తక్షణం వీధిలో పారవేయుటకు అతనికి సర్వాధికారాలు కలవు.

7. నేను బతికి వస్తే తొట్టి షరతులు నాకూ వర్తిస్తాయి. కిటికీలు మూయరాదు. పరామర్శకు వచ్చినవారు మంచం చుట్టూ గోడ కట్టరాదు. రాకపోతే నా ముఖం మీద మీ ఇష్టం వచ్చినంత గుడ్డ కప్పండి, అభ్యంతరం లేదు. ఆ రోజు ఇంటి నిండా జనం ఉంటారు. చాయ్ గ్లాసులు పెట్టడానికి చోటు వెతుకుతారు. జాలీ మీద పెట్టవద్దు. ఖమరున్నీసా చుట్టూ కూడా మూగవద్దు. ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, కొంచెం జరగండి.

సిరోంచ, 14 జూన్ 2025
(సంతకం) ఖాజా మియా

సాక్షులు:
గట్టయ్య, దుకాణం పక్క టైలర్.
సోనుబాయి, పక్కింటావిడ, మరాఠీలో చదివి వినిపించగా విని, అద్నాన్ విషయంలో ఏకీభవించి వేలిముద్ర వేసినది.