గాలికి పడ్డ మాను

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మహబూబ్‌నగర్‌లో మా కాలేజీ హాల్లో రష్యా చిత్రాల అచ్చుప్రతులు పెట్టారు. ఆ పాతకాలపు అడవి బొమ్మ కూడా ఉంది, తలుపంత పెద్దది.

దాన్నే ఒకసారి పత్రికలో అరచేయంత చూపించాను నీకు. నిటారు చెట్లు, వాటి నడుమ వెలుగు, ముందు పడిపోయిన మాను. మనిషి అడవిని నరికేస్తున్నాడని చిత్రకారుడి బాధ అంటూ పాఠం చెప్పాను. కల్వకుర్తి అడితిలో ఏళ్లకేళ్లు కట్టెలు కొట్టిన నువ్వు నవ్వావు.

"గొడ్డలి దెబ్బ గాదు బిడ్డా, గాలికి పడ్డది. గంత కట్టె గట్లనే మురుగుతాంటే ఎత్కపోయెటోడు లేడు. గా ఊరోళ్లకు పొయ్యి ఫికర్ లేదా ఏంది?"

"బొమ్మను గూడ అడితి లెక్క సూస్తవేంది బాపూ!" అని విసుక్కున్నాను.

"పెద్ద బొమ్మ దొరికితే సూద్దాం తియ్," అన్నావు.

నాకు నిలకడ లేదనేవాడివి. ఇవాళ దాని ముందు గంటసేపు నిలబడ్డాను. మాను మొదట్లో వేళ్లు మట్టితో సహా పైకి లేచి ఉన్నాయి. గొడ్డలి గాటు ఒక్కటీ లేదు.

మా లెక్చరర్ వచ్చి నరికిన చెట్టు గురించే చెప్పబోయారు. అది గాలికి పడిందన్నాను.

"ఏ పుస్తకంలో చదివావమ్మా?"

"మా బాపు చెప్పిండు మేడమ్."

తోటి పిల్లలు నవ్వారు. ఆమె మాత్రం వంగి ఆ వేళ్లను చాలాసేపు చూశారు.

"మీ నాన్నగారిని ఒకసారి తీసుకురామ్మా. మిగతా బొమ్మలు కూడా చూస్తారు," అన్నారు.

సరేనన్నాను.