రంగు పట్టని ముక్క

నా బంగారుతల్లికి నాన్న గుండెనిండా దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, కొత్తగా దిగిన దొరసానీ బాగున్నారని తలుస్తాను.

పాప ఫోటో అందింది తల్లీ! తాతనైపోయానే! అద్దకం షెడ్డులో కనబడ్డవాళ్లందరికీ చూపించాను, చూసినవాళ్లకే మళ్లీ చూపించాను. ముక్కు అచ్చం నాదే. "ముక్కు మావాళ్లది, ఆ ఏడుపు మొహం ఒక్కటే మీది" అంటోంది మీ అమ్మ. అననీ, నాకేం! నీలం చేతులతో ముట్టుకోవద్దని కసిరితే, గూట్లో నిలబెట్టి దూరంనుంచే చూసుకుంటున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. అవును, చిక్కాను. పని ఎక్కువై మాత్రం కాదు. పురిటికి రాలేకపోయిందీ ఆర్డర్ల వల్ల కాదు. అమ్మచేత అలా చెప్పించింది నేనే. "పచ్చి బాలింతకి ఇవన్నీ రాస్తారా" అని పక్కనే కూర్చుని గొణుగుతోంది. అయినా రాస్తున్నాను.

నా కడుపులో గడ్డ ఉందమ్మా. క్యాన్సరే. కాలేయానికీ పాకిందట, అందుకే ఆపరేషన్ వద్దన్నారు. గొంతులోంచి గొట్టం దింపి చిన్న ముక్క తీశారు. ఆ ముక్కకి రంగు వేసి చూస్తారు. గడ్డలో ఒక రకం ప్రోటీన్ ఉంటే గోధుమరంగు పడుతుంది. దాన్నే పట్టుకుని కొట్టే మందు ఉందట, ఆ ప్రోటీన్ ఉన్నవాళ్లకి కాస్త ఎక్కువ కాలం కలిసొస్తుందట. నా ముక్కకి రంగు పట్టలేదు.

అప్పుడు నేనేం చేశానో విని నవ్వుకో. డాక్టరమ్మతో వాదనకి దిగాను. "మా షెడ్డులో రంగు పట్టకపోతే గుడ్డని తిట్టుకోం తల్లీ, మళ్లీ ఉడకబెట్టి ముంచుతాం. మీరూ ఇంకోసారి ముంచండి" అన్నాను. మీ అమ్మ సిగ్గుతో నా చొక్కా లాగుతోంది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "మా రంగులో లోపం లేదు పెద్దాయనా, రంగు పడుతుందని ముందే తెలిసిన వేరే ముక్కని పక్కన పెట్టి చూశాం, దానికి చక్కగా పట్టింది. కాకపోతే గడ్డ అంతా ఒకేలా ఉండదు. ఇంకోచోట తీసి చూద్దాం" అంది.

ఎంత సంబరపడ్డానో! ఆ గొట్టం మళ్లీ సంతోషంగా మింగాను. పాప ఫోటో వచ్చిన రోజే ఆ ఫలితమూ వచ్చింది. డాక్టరమ్మే మైక్రోస్కోపులో చూపించింది. అంతా లేత నీలం, గోధుమ జాడే లేదు. బతుకంతా నీలంలో మునిగి తేలినవాణ్ని, ఆ రంగు చూసి మొదటిసారి భయపడ్డాను.

"ఎంతకాలం?" అని అడిగింది మీ అమ్మే. "ఆ ప్రోటీన్ లేనివాళ్లకి మామూలు మందులే ఇస్తాం. చాలామందికి ఏడాది, అటూ ఇటూ. ఈయన సంగతి కచ్చితంగా చెప్పలేను" అంది డాక్టరమ్మ.

మందులు మొదలెడితే ప్రయాణం కుదరదట. మానేసి నీ దగ్గరకి వచ్చేస్తానంటే అమ్మ అన్నం మానేసింది. ఏం చెయ్యను? ఇంత దుఃఖంలోనూ పాప గుర్తొస్తే పిచ్చివాడిలా నవ్వొస్తోంది నాకు.

పాప మెడ నిలిపాక నిదానంగా రమ్మని రాయమంటోంది అమ్మ. నేను అలా రాయను తల్లీ. ఇప్పుడే తీసుకురా. మెడ నేను పట్టుకుంటాను.

ఇట్లు,
నీ నాన్న, దాని తాత