రెండో మానిటరు వచ్చాక

తెనాలి,
12-10-1999

ప్రియమైన నాన్నకు ప్రమీల వందనాలు.

బాపట్లలో నీ కంటి ఆపరేషను అయిపోయిందనీ, రేపల్లెలో తన దగ్గర ఇంకో పది రోజులు ఉంటావనీ అక్క ఫోన్ చేసింది. నువ్వు త్వరగా రావాలనీ ఉంది, రాకుండా ఉంటే బాగుండుననీ ఉంది. ఎందుకో రాస్తాను, కోప్పడకు.

నువ్వు వెళ్లిన మర్నాడే ప్రెస్సు ఓనరుగారు నా కంప్యూటరుకి రెండో మానిటరు తగిలించారు. అసలు ప్రతిని స్కాన్ చేసి ఎడమ తెర మీద పెడతాను, నేను కొట్టింది కుడి తెర మీద ఉంటుంది. వరస వరసా పోల్చుకుంటూ పోవడమే. నేను ప్రూఫు పైకి చదవడం, నువ్వు అసలు ప్రతి చూస్తూ ఊఁ అనడం, పేజీ అయ్యాక ప్రూఫు మీద టిక్కు పెట్టడం ఇక లేదు. ఇద్దరం రోజుకి ఇరవై పేజీలు చేసేవాళ్లం, నేనొక్కదాన్నే నలభై చేశాను. బుద్ధిలేక ఆ మాట సంబరంగా ఆయనతో అన్నాను. ఆయన, "అయితే ఇక రెండో మనిషి అక్కర్లేదన్నమాటేగా అమ్మా?" అన్నారు. ముప్పై ఏళ్ల నీ ఉద్యోగం నా చేతులతో నేనే తీసేస్తున్నాను.

ఇంతకంటే భయపెట్టేది ఇంకోటుంది. మనం నిరుడు వేసిన పసుపు సాగు పుస్తకం నిన్న రెండు తెరల మీదా పెట్టి చూశాను. పురుగుమందు కలిపే చోట ఒక వరస ఎగిరిపోయింది. ఒక మందు పేరు, వేరే మందు కొలత కలిసిపోయాయి. పాత ప్రూఫు తీస్తే ఆ పేజీ మీద నీ టిక్కు ఉంది. దుగ్గిరాల రైతులెందరి దగ్గరుందో ఆ పుస్తకం! ప్రూఫుల కట్ట ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టెలో దాచాను. రెండు తెరలు చూస్తే తల తిరుగుతోందని చెప్పి ఆ మానిటరు తీయించేస్తాను. నువ్వు వచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చో.

నీ ప్రమీల


రేపల్లె,
16-10-1999

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అక్క చదివి వినిపించింది. ఇది మీ బావ లూకా చేత రాయిస్తున్నాను.

అబద్ధం ఆడకమ్మా, నేనాడింది చాలు. ఒక్క కంటికే శుక్లమని చెప్పాను గానీ రెండోది ఎప్పుడో పోయింది. ఈ ఆపరేషనుతో ఒక్కటైనా వస్తుందనుకున్నాను, ఆశ పెట్టుకోవద్దన్నారు డాక్టరుగారు. ఆ పసుపు పుస్తకంలో నాకు ఒక్క అక్షరం కనబడలేదు. నువ్వు చదువుతుంటే విన్నాను, మాట సాఫీగా ఉన్నచోటల్లా ఊఁ అన్నాను. ఎగిరిపోయిన వరస చెవికేం తెలుస్తుంది? ఎవరైనా వచ్చి తప్పు చూపిస్తారేమోనని, ప్రెస్సు తలుపు చప్పుడైనప్పుడల్లా ప్రతి మీదికి ఇంకా వంగి చదువుతున్నట్టు నటించేవాణ్ణి.

ఆ కట్ట రేపే ఓనరుగారి చేతిలో పెట్టు. దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డులో సవరణ కాగితాలు పంచమని నా మాటగా చెప్పు. రైతు ఒక్కడికి ఏమైనా అయితే నేను బతకలేను. మానిటరు తీయించకు. నా కుర్చీ తీయించు.

సంతకం నేనే పెడతాను. కాగితం ఎక్కడుందో లూకా నా చెయ్యి పట్టుకుని చూపిస్తానన్నాడు.

మీ నాన్న
సీమోను