నేను బెంగుళూరులో లేను నాయనా

నా కంచం, నా గ్లాసు తీసుకెళ్లి పశువుల కొట్టంలో పెట్టావు నాయనా. మందులకు జుట్టు రాలిన తలతో మూడు రోజులు ఊళ్లో ఎవరికీ కనబడకుండా అక్కడే తిన్నాను. నాలుగో రోజు పొద్దున బస్సెక్కించి, "జుట్టు మొలిసినాక రాపో" అన్నావు. ఇది తప్పు. ముందు ఈ మాట రాయకుండా క్షేమమా అని అడగడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఈ జబ్బు అంటుకుంటుందని నీ భయం. అంటుకోదు. డాక్టరమ్మ చెప్పిన మాట ఫోన్లో చెప్పబోతే పెట్టేశావు. అయినా నీకు భయం కన్నా సిగ్గు ఎక్కువ. గడ్డ రొమ్ములో వచ్చింది కదా. కాల్లో వచ్చి ఉంటే ఊరందరికీ చెప్పుకునేవాడివి.

ఇక్కడ తిరుపతి లాడ్జిలో దుప్పట్లు ఉతికే పని ఆగిపోయింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి తడి దుప్పటి ఎత్తితే కుడి చెయ్యి పైకి లేవదు. ఆస్పత్రి వెనక సందులో, రోగుల కోసం ఒక సేవా సంఘం నడిపే ఇంట్లో ఉన్నాను. గదికి నాలుగు మంచాలు, ఒకటే కిటికీ. ఎండలోకి పోకూడదు, గుంపులోకి పోకూడదు, ఊరికి రాకూడదు. మొదటి రెండూ డాక్టరమ్మ మాటలు. మూడోది నీది.

మంగళవారం, శనివారం మేరీ అక్క వస్తుంది. బడిలో టీచరు. మనకు చుట్టం కాదు, మన కులం కాదు, ఇక్కడ ఆమెకు జీతమూ లేదు. మొదటిసారి వచ్చినప్పుడు సంగటి, పప్పు తెచ్చింది. నోరంతా పుండ్లు, రెండు ముద్దలకే కంచం తోసేశాను. ఆమె ఆ కంచమే దగ్గరికి లాక్కుని మిగిలింది తినడం మొదలుపెట్టింది.

"అక్కా, అది నా ఎంగిలి!" అని అరిచాను.

"అయితే ఏమే? నీ ఎంగిలికి సచ్చేదాన్నయితే, మా ఇంటాయన సేసే సాంబారుకి ఎప్పుడో సచ్చుండాల."

నవ్వాను. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆమె మీద కోపం వచ్చింది. ఆ ముద్ద నువ్వు తినాల్సింది.

కొండ మీదికి బస్సు నడిపి రిటైరైన మునిరత్నం తాత కూడా ఉన్నాడు. ఇంజెక్షన్ ఎక్కించిన రోజు తన కారులో తెచ్చి దింపేవాడు. ఒకసారి కారులోనే వాంతి చేసుకుని, తుడవబోయాను.

"కదలాకుండా కూర్సో పాపా. కొండ బస్సు తోలినోనికి వాంతి ఒక లెక్కా? నా సర్వీసులో వాంతి సేసుకోనోళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు" అన్నాడు. నన్ను దించి, కారు ఆయనే కడుక్కున్నాడు.

ఇంక అసలు సంగతి. తిరుపతిలో గుండు చూసి ఎవరూ ఏమీ అనుకోరు. "దర్శనం బాగా అయినాదామ్మా?" అని టీ అంగడాయన రోజూ అడుగుతాడు, తల ఊపుతాను. మొన్న మందులు కొనుక్కుని బస్టాండు దగ్గర వస్తుంటే మన పక్కింటి రాజమ్మత్త ఎదురుపడింది. ఆమెదీ గుండే, చందనం పూసుకుని ఉంది.

"ఓసి రేణుకా! బెంగుళూరులో కుట్టు కంపెనీలో ఉండావని మీ నాయన సెప్పినాడే! నువ్వూ ఎంటికలు ఇచ్చినావా? ఏం మొక్కుకున్నావు పాపా?"

నిజం నోటిదాకా వచ్చింది. నీ ముఖం గుర్తొచ్చింది. "పెండ్లి కావాలని అత్తా" అన్నాను.

"అట్లనా! బంగారట్లా మొగుడొస్తాడు పో!" అని నా గుండు నిమిరి, చేతిలో ప్రసాదం పెట్టింది.

నీ అబద్ధాన్ని నేనే మోశాను నాయనా. ఇంక మొయ్యను.

చికిత్స అయిపోయింది. ఇంటికి పోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. వచ్చే శనివారం ఈ మంచం ఇంకో రోగికి ఇవ్వాలి. మేరీ అక్క, "మా ఇంటికి రా, యాడికి పోతావు?" అంది. రానన్నాను. బతికినందుకు పరాయి ఇంట్లో ఎందుకు దాక్కోవాలి? నాకు ఇల్లు ఉందో లేదో ముందు తేలాలి.

అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? ఎర్రావు ఈనిందా? నా నోటి పుండ్లు మానాయని అమ్మకు చెప్పు, అనపగింజల పులుసు తినాలని ఉందని కూడా చెప్పు. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు, ఒక్క ముక్క కూడా దాటేయకుండా. అవ్వ కాళ్లకు నా దండం. నీకు మాత్రం ఎదురుగా పెడతాను, కాగితం మీద పెట్టను.

శుక్రవారం సాయంత్రం లోపల నువ్వు ఇక్కడికి రావాలి. నన్ను వెంటబెట్టుకుని పోవాలి. ఊళ్లో బస్సు దిగాక, అడిగినవాళ్లకు నీ నోటితోనే కేన్సర్ అని చెప్పాలి. అది చేతకాకపోతే ఇంకొకటి చెయ్యి. ఊరందరికీ అర్జీలు రాసిపెట్టే చెయ్యి నీది. 'నా కూతురు ఇంటికి రాకూడదు' అని రాసి, కింద సంతకం పెట్టి పంపు. రెండింట్లో ఏదో ఒకటి. శుక్రవారం సాయంత్రం వరకే చూస్తాను.

ఇప్పటికైతే నీ కూతురు,
రేణుక