హంతకులెవరో మీరు చెప్పలేదు

ఏమండీ,

రేపు మీ సంవత్సరీకం. ఇల్లంతా అచ్చం మీ డిటెక్టివు నవలలాగే ఉంది. మీ అన్నగారు మునిసిపాలిటీ ఎన్నికల్లో నిలబడ్డారు. ఓట్లు వేసే పెట్టెల్లో ఆయనకు పసుపు రంగు పెట్టె వచ్చిందని అత్తగారు ఇంటింటికీ పంచడానికి పసుపు దంచిస్తున్నారు. ఆ రోలు దగ్గరికి నన్ను రానివ్వరు.

రోజూ బావగారు ప్రచారానికి బయల్దేరేముందు అత్తగారు వంటింట్లోకి తొంగిచూస్తారు. "ఒలే, ఆడు బయలెల్తన్నాడు. ఎదురు రాకు" అని బయట గొళ్లెం పెడతారు. ఊరేగింపు వీధి దాటాక కూడా తీయడం మరిచిపోతారు. ఆ పొగలో కూర్చుని మీ నవల తలుచుకుంటాను.

అందులో ఎన్నికలకు నిలబడ్డ పెద్దమనిషి మజ్జిగలో విషం కలిసి చచ్చిపోతాడు. చంపిందెవరో రాయకుండానే జ్వరంతో పోయారు మీరు. రాసిందంతా చదివి వినిపించేవారు కదా, పోటీదారన్నాను, గుమాస్తా అన్నాను, తమ్ముడన్నాను. "అందరూ ఊరేగింపుకెల్తే ఇంట్లో ఎవరుంటారో సూడే" అని నవ్వారు.

ఇవాళ గొళ్లెం పడ్డాక గుర్తొచ్చింది. మొదట్లోనే ఒక్క వాక్యం రాశారు, పెద్దమనిషి బయల్దేరేముందు విధవ మరదలిని వంటింట్లో పెట్టి గొళ్లెం వేశారని. ఆవిడ ఊసు మళ్లీ ఎత్తలేదు. నాకూ ఆవిడ తట్టలేదు. అప్పుడు నాకు బొట్టుండేది.

ఊరేగింపు తిరిగొచ్చింది. గొళ్లెం తీశారు. "ఆడు అలిసిపోయొచ్చాడు, మజ్జిగట్టుకెల్లు" అంటున్నారు అత్తగారు. తిరిగొచ్చాక నేను ఎదురుపడినా ఫరవాలేదట.

ఉప్పు మాత్రమే వేశాను లెండి.