సూది నలభై మీద

మౌలాలి,
18 ఫిబ్రవరి 2007, ఆదివారం.

చెల్లెమ్మ అప్పలలక్ష్మి గారికి,

మెకానిక్ ఆర్థర్ వందనములతో రాయునది. దేవుని దయవల్ల నేనూ, మా దేవకృపా బాగానే ఉన్నాం. మీరూ, సుధా కూడా క్షేమమేనా అని అడగడం మర్యాద. కానీ ఈ ఏడాది మీ ఇంట్లో క్షేమం ఏపాటి ఉందో తెలిసినవాణ్ణి కనుక ఆ మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఒకే ఊళ్లో మౌలాలి నుంచి మారేడ్‌పల్లికి ఉత్తరమేమిటని మీకు నవ్వు రావచ్చు. రెండుసార్లు మీ గేటు దాకా వచ్చాను. ఒకసారి చేతిలో డజను అరటిపళ్లు కూడా ఉన్నాయి. గేటు తీయలేక వెనక్కి తిరిగి, దారిలో నాలుగు నేనే తినేశాను. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేదు. అందుకే చర్చి నుంచి వచ్చి, షెడ్డు తలుపు వేసుకుని రాస్తున్నాను.

పోయిన వారం దేవకృప మోండా మార్కెట్‌కని వచ్చి మిమ్మల్ని చూసి వెళ్లింది కదా. ఇంటికొచ్చి కూరల సంచి దించింది. తర్వాత చెప్పింది, మీ ముందుగదిలో బావగారి ఫోటో లేదని. మీవారిని నేను పాతికేళ్లుగా బావగారనే పిలిచాను, ఇప్పుడూ అలాగే రాస్తాను. కన్నకూతురి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి తప్పిన మనిషికి దండెందుకు అన్నారట మీరు. సంవత్సరీకం కూడా పెట్టనని, సుధకి ఆగస్టులో కామెర్లు వచ్చింది ఆ ఒట్టు వల్లేనని అన్నారట. ఆ పిల్ల కూడా, మా నాన్నకి నాకంటే పది మైళ్లు ఎక్కువయ్యాయి ఆంటీ అని ఏడ్చిందట.

చెల్లెమ్మా, బావగారు ఒట్టు తప్పలేదు. ఎలాగో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

బావగారి పికప్ యాభై నాలుగు మోడల్. మీ మామగారు మిలిటరీ వేలంలో కొన్నది. బరువులు లాగడానికి కట్టిన బండి అది, పరుగులకు కాదు. దాని గేర్లు పొట్టి కాళ్ల మనిషిలాంటివి. చిన్న చిన్న అడుగులు గబగబా వెయ్యాలి, ఆయాసపడాలి, అయినా పోయేది కొంచెం దూరమే. గంటకి నలభై మైళ్లకే ఇంజన్ గోల పెట్టేది. సుధ పుట్టినప్పుడు ఆ నలభై దాటనని, ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి మీకు ఒట్టేశారు. మీరు పక్కన కూర్చుంటే మీ కళ్లు రోడ్డు మీద కాదు, మీటరు సూది మీద ఉండేవని, కొంచెం కదిలితే చాలు గాజు మీద వేలితో కొట్టేవారని ఎన్నిసార్లు చెప్పి నవ్వేవారో.

మేడ్చల్ రోడ్డు వెడల్పు చేశాక ఆయనకి కష్టమొచ్చింది. కొత్త కార్ల కుర్రాళ్లు వెనక నుంచి ఒకటే హారన్లు. సుధ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన కొత్తలో ఒకరోజు ఆఫీసు దగ్గర దింపబోతే, మలుపులోనే దిగిపోతా నాన్నా అందట. మర్నాడు బావగారు నా షెడ్డుకొచ్చి ఏటండీ ఆర్థర్ గారూ, మన బండికి ఈ ఆయాసం తగ్గించే మందేటీ లేదా అని అడిగారు. ఉందన్నాను. వెనక ఇరుసు మధ్య గుండ్రటి డబ్బాలో క్రౌన్, పినియన్ అని పళ్ల చక్రాల జత ఉంటుంది. దాన్ని మారిస్తే పొట్టి కాళ్లు పొడుగవుతాయి. నెల రోజులు పాత ఇనుము కొట్లన్నీ తిరిగి ఒక జత సంపాదించి బిగించాను. అదే పరుగుకి ఇంజన్ గొంతు తగ్గింది, బండి హాయిగా సాగింది. ఆయన మొహం చూడాలి మీరు. పెళ్లికొడుకులా ఉన్నారు.

ఆ తర్వాత మూడు వారాలకే కదా రామాయంపేటలో స్నేహితుడి ఇంటి పెళ్లికని ఒక్కరే బయల్దేరారు. తూప్రాన్ ఇవతల గేదెలు అడ్డొచ్చాయి. బ్రేకు కొట్టినా బండి ఆగలేదు, కల్వర్టు గోడను గుద్దుకుంది. రోడ్డు మీద టైర్ల గీతలు కొలిచి పోలీసులు ఎనభై కిలోమీటర్లన్నారు. ఎనభై కిలోమీటర్లంటే యాభై మైళ్లు. మీరు ఆ లెక్క విన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. మీరు ఏడవడం ఆపేసింది అప్పుడే.

వెనక వస్తున్న లారీ డ్రైవరు బిక్షం ఆయన్ని ఎత్తి ఆసుపత్రికి తీసుకుపోయాడు. అతనే తర్వాత వచ్చి, దారి పొడుగునా ఒక్కటే మాట అన్నడమ్మా, నలభై మీదనే ఉన్న, సూది నలభై మీదనే ఉన్నది, మా ఇంటామెకు జెర చెప్పు అని మల్ల మల్ల అన్నడు, అని మీతో చెప్పాడు. పోతూ పోతూ కూడా అబద్ధమే ఆడాడా అన్నారు మీరు. ఆ మాట నేను విన్నాను, తల వంచుకుని నిలబడ్డాను.

అది అబద్ధం కాదు. ఆ మీటరుకి చక్రం సంగతి తెలియదు. ఇంజన్ వైపు నుంచి వెనక్కి వచ్చే పొడుగాటి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అంతే చూపిస్తుంది. పాత గేర్లతో చక్రం ఒక చుట్టు తిరగాలంటే షాఫ్ట్ ఐదు చుట్లు తిరగాలి. నేను వేసిన వాటితో నాలుగే చాలు. మీటరు లోపలి చిన్న గేరు కూడా దానికి తగ్గట్టు మార్చాలి. మార్చకపోతే బండి యాభై మైళ్ల మీద పోతుంటే సూది నలభై దగ్గరే కూర్చుంటుంది. పోయిన వారం దేవకృప మాటలు విన్నాక, ప్రమాదం నాటి నుంచీ షెడ్డు వెనక పడి ఉన్న బండిని జాకీ మీద లేపి, చక్రానికీ షాఫ్ట్‌కీ సుద్దముక్కతో గీతలు గీసి లెక్కపెట్టాను. అప్పుడు తట్టింది నాకు. గేర్లు బిగించే హడావుడిలో మీటరు సంగతి మర్చిపోయాను. బావగారు సూదినే చూస్తూ, మీ మాట మీదే నడిచారు. ఆ పాత బ్రేకులు నలభైకి ఆపేవేమో, యాభైకి వాటి తరం కాలేదు.

ఈ ఉత్తరం సుధ చేత కూడా చదివించండి. కామెర్లకీ ఒట్టుకీ సంబంధం లేదని చెప్పండి. ఆయన ఫోటో గోడకు పెట్టండి. సంవత్సరీకం మానకండి, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
మీరు అన్నయ్యా అని పిలిచే
ఆర్థర్

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. పైన మర్చిపోయానని రాశాను. అది అబద్ధం. గేర్లు బిగించిన రోజే బావగారూ నేనూ మేడ్చల్ రోడ్డు మీద బండి నడిపి చూడ్డానికి వెళ్లాం. ఆయన సూదిని నలభై మీద నిలిపారు. నేను గడియారం చూస్తూ కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టాను. రాయికీ రాయికీ మధ్య యాభై ఆరు సెకన్లు పట్టాలి, నలభై ఐదే పట్టాయి. నాకు అక్కడే తెలిసింది. ఆ చిన్న గేరు ఎక్కడా దొరకలేదు. లేదని చెబితే, అయితే పాతవే బిగించెయ్యండి అంటారని తెలుసు. నెల రోజుల నా పనితనం విప్పి పక్కన పెట్టడానికి మనసొప్పలేదు. ఆయన బండి ఆపి మరీ అడిగారు చెల్లెమ్మా. ఆర్థర్ గారూ, ఇంత జోరుగా పోతోంది, సూది నిజమే చెబుతోందా, ఇంట్లో మాటిచ్చాను మరి, అన్నారు. నిజమే బావగారూ, నాదే పూచీ అన్నాను. ఆయన నా భుజం తట్టి సూదిని మళ్లీ నలభై మీద పెట్టారు.